హెల్మెట్ కింది ముఖం

మొన్న మా పక్కింటి అమ్మాయి చిరిగిపోయిన ఒక పాత ఫొటోను తన ఫోనులోకి ఎక్కించి, వేలితో అటూ ఇటూ రుద్దింది. చిరుగు పూడింది. మసకబారిన ముఖం తేటపడింది. నేను కాఫీ కలుపుకుని వచ్చేలోగా అంతా అయిపోయింది. "ఎట్లుంది ఆంటీ?" అని అడిగితే బాగుందన్నాను. నిజంగానే బాగుంది. ఆ పని చేస్తూనే నేను వయసంతా గడిపి రిటైరైనాను కాబట్టి లోపల కొంచెం కడుపుమంట కూడా కలిగింది. మా కాలంలో ఒక్కో ముఖానికి రోజుల కొద్దీ పట్టేది. అందులో సగం కాలం కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చోవడమే. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకు అలా కూర్చోవడం తెలియదు. ఆ కూర్చోవడంలో జరిగిన ఒక సంగతి చెబుతాను.

మాది కేజీఎఫ్, బంగారు గనుల ఊరు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికని వచ్చాడు, మా నాన్న కూడా ఆ గనిలోనే చేశాడు. గనులు మూతపడ్డాక ఊళ్ళో ఇంటికొకరు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చే బతుకులోకి దిగారు. నేనూ కొన్ని నెలలు ఆ రైలెక్కాను. ఒంటికి పడలేదు. అప్పుడే రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక ఫొటో స్టూడియో ఓనరు కంప్యూటరు కొన్నాడనీ, దాన్ని ముట్టుకోవడానికి ఆయనకే భయంగా ఉందనీ తెలిసింది. కోర్సు చేసిన సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళాను. "దీనికి కోపం రాకుండా చూసుకుంటావా అమ్మా?" అని ఒకటే అడిగాడు. చూసుకుంటానన్నాను.

ఓనరు తమిళాయన. నెగటివ్ మీద సన్న పెన్సిలు పెట్టి మొటిమలు, ముడతలు మాయం చేసిన పాతకాలపు చెయ్యి. కంప్యూటరుకు మాత్రం ఎప్పుడూ మూరెడు దూరంలో నిలబడి మాట్లాడేవాడు.

ఆ మెషీన్ గురించి చెప్పాలి. విడిభాగాలు తెచ్చి బిగించిన డబ్బా అది. వేడెక్కిపోతుందని దానికి ఒక పక్క రేకు ఎప్పుడూ తీసే ఉంచేవాళ్ళం. స్టూడియోలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపే తిరిగి ఉండేది, మాకు చెమటలు. మానిటర్ పెద్ద రుబ్బురోలంత ఉండేది, ఎడమ పక్కన పచ్చగా చూపించేది. అటువైపు ఎవరి ముఖం వచ్చినా కామెర్లు వచ్చినట్టుండేది. అసలు రంగు ఏదో నేను మనసులోనే లెక్క వేసుకుని దిద్దాలి. గాలికాలంలో, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీంచి లేచే సన్నటి దుమ్ము మౌస్‌లో చేరి, అందులోని ఉండ తిరిగేది కాదు. పొద్దున్నే దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ పెట్టడం నా మొదటి పని. ఇక ఆ ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్. పొరపాటు చేస్తే ఒక్క అడుగే వెనక్కి వెళ్ళనిచ్చేది. రెండో అడుగు వెయ్యబోతే మెమొరీ చాలదని ఇంగ్లీషులో చెప్పి అలాగే బిగుసుకుపోయేది. తెర మీద ఇసుక గడియారం బొమ్మ. అది తిరుగుతుంటే మనం చూస్తూ కూర్చోవాలి. కరెంటు పోయినప్పుడు ఆదుకోవాల్సిన యూపీఎస్ నాలుగు కూతలు కూసి తనూ పడుకునేది.

అయినా నేను ఆ మెషీన్ పక్షమే. బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడు దీన్ని పారేసి కొత్తది కొనమన్నప్పుడల్లా నేను అడ్డం పడ్డాను. ఎవరైనా కస్టమర్ విసుక్కుంటే "ఇప్పుడే లేచింది, కాస్త ఆగండి" అని చెప్పేదాన్ని. ఆయుధ పూజకు దానికి బొట్టు పెట్టి, చేమంతుల దండ వేసేదాన్ని. ఓనరు నవ్వి, "నీ మొగుణ్ణి కూడా ఇంత వెనకేసుకొచ్చి ఉండవు" అనేవాడు. అదీ నిజమే. మా ఆయన అన్నిసార్లు బిగుసుకుపోయేవాడు కాదు మరి.

గనులు మూసి కొన్నేళ్ళయి ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున ఒకామె వచ్చింది. చాంపియన్ రీఫ్స్ లైన్లలో, అంటే కంపెనీ వాళ్ళు కార్మికులకు కట్టించిన వరస ఇళ్ళలో ఉంటుంది. వారమంతా బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని, ఆదివారం ఒక్కటే తీరిక. చీర కొంగులో చుట్టి తెచ్చిన ప్లాస్టిక్ కవరు విప్పి ఒక గ్రూపు ఫొటో బల్ల మీద పెట్టింది.

గనిలోకి దిగే షాఫ్ట్ ముందు తీసిన ఫొటో అది. వెనక పెద్ద చక్రం, ముందు వరసలుగా నిలబడ్డ మనుషులు. అందరి నెత్తిన హెల్మెట్లే. పని ఆగిపోయిన రోజుల్లో గుర్తుగా తీసుకున్నారట.

"మా ఇంటాయన ఇందులో ఉండాడు పాపా. ఇదో, ఈడ, వెనక" అని వేలు పెట్టింది.

ముఖం చింతగింజంత. హెల్మెట్ కనుబొమల దాకా దిగి ఉంది. ముందు నిలబడ్డ లావుపాటాయన భుజం అడ్డొచ్చి మూతి, గడ్డం కనపడకుండా పోయాయి. మిగిలింది కళ్ళు, ముక్కు, కాసిని చెంపలు. ఆ కళ్ళు నవ్వుతున్నాయి. అది మాత్రం అంత చిన్న ముఖంలోనూ తెలుస్తోంది.

"వేరే ఫొటో ఏమీ లేదా అక్కా?"

"లేదు. పెండ్లి ఫొటో ఒకటి ఉన్నింది. ఇల్లు కారి గోడకే అంటుకుపోయినాది. పీకితే సున్నం వచ్చినాది గానీ ఆయన రాలా. కంపెనీ కార్డులో ఉన్నింది, మూసేటప్పుడు ఆ కార్డు వాళ్ళే తీసుకున్నారు. ఫొటో అంటే సిగ్గు ఆయనకు. పిలిస్తే ఎనక సందులోంచి పారిపోయేవాడు."

ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. గనిలో చేసినవాళ్ళకు మామూలుగా వచ్చేదే. ఇప్పుడు కూతురి పెళ్ళి కుదిరింది.

"తాళి కట్టినంక పిల్ల వాళ్ళ నాయనకు మొక్కల్ల గదా" అంది ఆమె. "ఎవురికి మొక్కుతాది? ఈ హెల్మెట్‌కా?"

నా వెనక నిలబడి చూస్తున్న ఓనరు తల అడ్డంగా ఊపాడు. "కష్టం అమ్మా. గడ్డమే లేదు. లేనిదాన్ని యాడనుంచి తెచ్చేది?" నేను మాత్రం పెట్టిపొమ్మన్నాను. మా మెషీన్ మీద నాకున్న నమ్మకం అలాంటిది.

స్కానర్ మీద పెట్టి ఆ ముఖాన్ని పెద్దది చేశాను. పెద్దది చేసేకొద్దీ ముఖం పోయి చదరాలు మిగిలాయి, నేల మీద పరిచిన బండల్లాగా. మా సాఫ్ట్‌వేర్ ఉన్నదాన్ని సాగదీయగలదు, అంతే. నేను ఆ చదరాలను ఒక్కొక్కటే మెత్తబరుస్తూ, చెంప మీది నీడ ఎటు వాలిందో ఊహించుకుంటూ వచ్చాను. మిగతా పని అయ్యాక సాయంత్రాలు దీని మీద కూర్చునేదాన్ని. పది గీతలు గీస్తే ఒకసారి బిగుసుకుపోయేది. లేపి, మళ్ళీ మొదలు.

హెల్మెట్ తీసేశాక జుట్టు కావాల్సి వచ్చింది. ఓనరు వయసులో ఉన్నప్పటి ఫొటో ఒకటి స్టూడియో గోడ మీద ఉండేది. ఒత్తుగా, దువ్వి పెట్టిన జుట్టు. అది తీసుకుంటానంటే ఆయన కాస్త బెట్టు చేసి, తర్వాత తనే ఫ్రేములోంచి ఫొటో తీసిచ్చాడు. గడ్డం దగ్గరే ఆగిపోయాను. ఆ గ్రూపులోనే ఇంకెవరిదో గడ్డం తీసి అతికించాను. మూతి గీశాను.

మరుసటి ఆదివారం ఆమె వచ్చి తెర ముందు కూర్చుంది. చాలాసేపు చూసింది. నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా అంది.

"బాగుండాది పాపా. ఎవురీయన?"

ఓనరు లోపలికి వెళ్ళిపోయాడు, నవ్వు ఆపుకోలేక. నాకు నవ్వు రాలేదు. ఆ గడ్డం తీసేసి ఇంకొకటి పెడదామని నొక్కాను. ఇసుక గడియారం వచ్చింది. అది వచ్చిందంటే ఇద్దరం కూర్చోవాల్సిందే. ఊరికే కూర్చోవడమెందుకని అడిగాను.

"ఆయన పోలికలున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అక్కా? గడ్డం అదే తీరుగా ఉంటే చాలు."

ఆమె చేతి సంచి మూతిని మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

"వాళ్ళన్న ఉండాడు, బేతమంగళలో. ఇద్దరూ ఒకే అచ్చు. మేం మాట్లాడం."

ఇసుక గడియారం తిరుగుతూనే ఉంది. అది ఆగి ఉంటే ఆమె అక్కడితో ఆపేసి ఉండేదేమో.

"మైన్స్ మూసినప్పుడు బావ వచ్చినాడు. రారా, చెరువు కింద భూమి ఉండాది, ఇద్దరం చేసుకుందాం అని పిల్చినాడు. ఈయన పోలా. మళ్ళా తెరుస్తారు, మళ్ళా తెరుస్తారు అని దినామూ గేటు కాడికి పోయి వస్తాండేవాడు. బావ ఇంకో తూరి వచ్చినాడు, ఇంకో తూరి వచ్చినాడు. ఆఖరికి కోపమొచ్చి, ఆ గుంతలోనే పడి సావు పో అనేసి పోయినాడు. ఇంగ మా వాకిలి తొక్కలా."

"తర్వాత?"

"ఈయన పోయిన దినం వచ్చినాడు. నేనే తలుపేసినాను. నువ్వన్నట్టే అయినాది గదా, ఇంగేం చూస్తావు అని. సందు మొగదల్లో శానా సేపు నిలబడి ఉన్నాడంట. నేను చూళ్ళేదు."

నేను తెర వైపు చూశాను. కొత్త గడ్డం వచ్చి కూర్చుంది. ఇది కూడా ఎవరో పరాయివాడిది. ఆమె కూడా చూసింది.

"అక్కా, నాకు తెలిసినంత వరకు ఇంకో దారి లేదు. ఆయన ఒక్కసారి వచ్చి కూర్చుంటే చాలు."

"హెల్మెట్‌కే మొక్కుతాదిలే" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. "ఇళ్ళల్లో సంగతుల్లో మనం వేలు పెట్టకూడదమ్మా" అన్నాడు ఓనరు. తప్పు చేశానా అనుకుంటూ నేను ఆ ఫైలు రోజూ తెరిచేదాన్ని. గడ్డం లేని ఆ ముఖం కళ్ళతో నవ్వుతూ ఉండేది.

ఇంకో వారం గడిచింది. ఆదివారం మధ్యాహ్నం కావస్తుండగా ఆమె వచ్చింది, వెంట పెళ్ళి కావాల్సిన కూతురు. వాళ్ళ వెనక పది అడుగులు వదిలి ఒక పెద్దాయన. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, బట్టతల, నెరిసిన గడ్డం. ఒకే బస్సులో వచ్చారట గానీ ఎవరి టికెట్టు వాళ్ళదే. లోపల ఉన్న ఒకే బెంచీకి ఈ చివర ఆమె, ఆ చివర ఆయన కూర్చున్నారు. పిల్ల నడుమ కూర్చుని గోడ మీది ఫొటోలు చూస్తోంది.

"మా ఇంటి ముందరికి వచ్చి నా గడ్డం ఫొటో కావల్లని అడిగినాది" అన్నాడాయన, ఓనరుతో. "లోపలికి రమ్మన్నా రాలా. పెండ్లి అని చెప్పినాది గానీ పిలవలా. గడ్డం మాత్రమే కావల్లంట."

ఓనరు ముందుగా పక్కనున్న మంగలి షాపులో గడ్డం గీయించుకుని రమ్మన్నాడు.

"గడ్డం కావల్లంటారు, గడ్డం తీసేయమంటారు. ఇదేం లెక్కప్పా" అంటూనే లేచి వెళ్ళాడు.

నున్నగా గీయించుకుని వచ్చాక చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. మూతి తీరు, బుగ్గ కిందికి దిగే గీత, నేను ఊహించుకుంటూ గీసి చెరిపిన వాటన్నిటికీ జవాబు అక్కడ ఉంది. గ్రూపు ఫొటోలో ఎండ ఎడమ పక్క నుంచి పడుతోంది కాబట్టి ఓనరు ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి అదే తీరుగా నిలబెట్టాడు.

"కొంచెం నవ్వండి పెద్దాయనా."

"నవ్వేదానికి ఏముండాదప్పా. నువ్వు తియ్యి."

దవడలు బిగించి నిలబడ్డాడు. ఓనరు తన చిన్న డిజిటల్ కెమెరాతో తీసి, కంప్యూటరులోకి ఎక్కించాడు. ఆ కెమెరా కార్డులో పట్టేవి కొన్ని ఫొటోలే. సాయంత్రం ఒక నామకరణానికి వెళ్ళాలి కనుక ఎక్కించిన వెంటనే కార్డు ఖాళీ చేశాడు. అప్పట్లో అందరం చేసేది అదే.

ముగ్గురూ వెనక బెంచీ మీద ఉండగా నేను పని మొదలుపెట్టాను. గడ్డం కొలత సరిగ్గా సరిపోయింది. చర్మం రంగు కొంచెం మార్చితే చాలు. కానీ ముఖం ఒకటి కాలేదు. పైన కళ్ళు నవ్వుతున్నాయి, కింద పళ్ళు బిగించి ఉన్నాయి.

"పైన పెళ్ళికొచ్చినాడు, కింద చావుకొచ్చినాడు" అన్నాడు ఓనరు, నాకు మాత్రమే వినపడేలా.

పెదవి చివరలు రెండూ కాస్త పైకి లాగి చూశాను. నాటకంలో జోకర్‌లా అయ్యాడు. వెనక్కి వెళ్దామని నొక్కాను. మెమొరీ చాలదంది. ఇంకోసారి నొక్కాను. తెర మొత్తం నీలంగా మారి, తెల్లటి అక్షరాలు పడ్డాయి.

ఆపి, మళ్ళీ లేపాను. ప్రతి మార్పుకూ సేవ్ చేసే అలవాటు నాది. ఫైలు పేరు అక్కడే ఉంది. తెరిస్తే చదవలేకపోతున్నానంది. పెద్దాయన ఫొటోను వెతికాను. అదీ అంతే. కార్డులో అది లేదు. ఇన్ని వారాల ముఖం, ఈ పూట దొరికిన గడ్డం, రెండూ పోయాయి. గ్రూపు ఫొటో నుంచి ఒకసారి పక్కన దాచిన పాత కాపీ ఒకటి మిగిలింది, సగం చదరాలతో.

ఇన్నేళ్ళూ ఆ మెషీన్‌ను ఎవరేమన్నా ఊరుకోనిదాన్ని, ఆ నిమిషంలో మాత్రం దాన్ని ఎత్తి బజారులోకి విసిరేయాలనిపించింది. ఎంత తుడిచాను, ఎంత కాపాడాను, ఎవరెన్ని అన్నా నీ వైపే నిలబడ్డాను గదా, ఈ రోజు తప్ప నీకు ఇంకో రోజు దొరకలేదా అని లోపల తిట్టుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కూసి ఆగింది. ఫ్యాను కూడా ఆగింది.

వెనక్కి తిరిగి ఉన్నది చెప్పాను. మళ్ళీ తియ్యాలి, కరెంటు వచ్చాక.

"నా బస్సు" అన్నాడు పెద్దాయన.

"ఇంకో బస్సు ఉండాది పెద్దనాయనా" అంది పిల్ల. అంతవరకు ఆ పిల్ల నోరు తెరవలేదు. టీ తెస్తానని లేచి వెళ్ళింది. ఓనరు పెరట్లోకి వెళ్ళాడు. బెంచీ నడుమ ఖాళీ అయింది. నేను తెర వైపు తిరిగి, నల్లటి అద్దంలో నా ముఖమూ, వెనక బెంచీ నీడా చూస్తూ కూర్చున్నాను. లేచి వెళ్ళాలని తెలుసు. లేస్తే ఆ నిశ్శబ్దం చెదిరిపోతుందేమోనని కదలలేదు.

"ఆ పొద్దు తలుపేసినావు" అన్నాడు పెద్దాయన.

"ఏసినాను బావా."

"నీ తావులో నేనున్నా ఏసుంటాను."

బజారులో ఎవరో జనరేటర్ లాగి లాగి స్టార్ట్ చెయ్యబోతున్నారు.

"వాడు చిన్నప్పుడు బావిలో పడినాడు" అన్నాడు. "నేనే జుట్టు పట్టి లాగినాను. అప్పట్నుంచి గుంత అంటే వానికి భయం. బావి గట్టుకు కూడా వచ్చేవాడు కాదు. అట్లాటోడు పోయి పోయి భూమి లోపలికి దిగే పని పట్టుకున్నాడు. వాడు దిగినన్నాళ్ళూ నాకు నిద్ర లేదమ్మా. మైన్స్ మూసినారని తెలిసినప్పుడు ఊరంతా ఏడిస్తే నేను సంతోషపడినాను. ఇంగ పైకొచ్చేస్తాడులే అని. వాడేమో మళ్ళా ఎప్పుడు దిగుదామా అని గేటు కాడ నిలబడినాడు. ఆ కోపంలో నోరు జారినాను."

"ఈ మాట ఆయనకు చెప్పుండల్ల బావా."

"చెప్పేకి రాలా. తిట్టేకి వచ్చినాది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"భయం పోనేలేదు బావా ఆయనకు. కేజ్‌లో దిగేటప్పుడు కండ్లు మూసుకుంటాడంట. వాళ్ళ గ్యాంగోళ్ళు ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాళ్ళు. కండ్లు మూసుకొని ఏమో గొణుగుతాడంట. ఏమని అడిగితే నాకొక్కదానికే చెప్పినాడు. నువ్వు ఎద్దుల్ని అదిలిస్తావే మడక దున్నేకాడ, ఆ కూత. మా అన్న ముందర నడస్తాండాడు, నేను ఎనకాలే పోతాండాను అనుకుంటే భయం ఉండదు అనేవాడు."

కేజ్ అంటే మనుషుల్ని గనిలోకి దించే ఇనుప బోను. అది చీకట్లోకి ఎంత వేగంగా పడిపోతుందో మా నాన్న చెప్పగా నాకు తెలుసు.

వెనక పెద్దాయన నవ్వాడు. నవ్వులోనే ఏడుపు కలిసిపోయి, తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. టీ గ్లాసులతో వచ్చిన పిల్ల గుమ్మంలోనే ఆగిపోయి మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

కరెంటు వచ్చింది. ఓనరు పరుగున వచ్చి, "లేవండి, లేవండి, ఎండ పోతాది" అని అందర్నీ పెరట్లోకి తోలాడు. పెద్దాయన మొహం కడుక్కుని మళ్ళీ అదే తావులో నిలబడ్డాడు. ఈసారి ఆమె కూడా వెళ్ళి ఓనరు పక్కన, కెమెరా దగ్గర నిలబడింది.

"ఇప్పుడేం జెయ్యల్ల?" అన్నాడాయన.

"ఎద్దుల్ని అదిలించు బావా" అంది ఆమె.

ఆయన నోరు తెరిచి, కూత సగంలోనే నవ్వేశాడు. ఓనరు అప్పుడు నొక్కాడు. ఆ చేతికి ఏ క్షణంలో నొక్కాలో తెలుసు.

ఆ సాయంత్రం మెషీన్ ఒక్కసారి కూడా ఆగలేదని రాస్తే కథ బాగుంటుంది. అది చాలాసార్లు ఆగింది. ప్రింటరు మొదటి కాపీ పచ్చగా ఇచ్చింది, రెండోది ఎర్రగా. ముఖం మొత్తం మళ్ళీ మొదటి నుంచి దిద్దడానికి ఇంకో వారం పట్టింది. కానీ ఆ నవ్వే గడ్డాన్ని తెచ్చి ఆ నవ్వే కళ్ళ కింద పెట్టినప్పుడు నేను గీయాల్సింది దాదాపు ఏమీ మిగల్లేదు. అతుకు ఎక్కడుందో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. మొదటి ఫొటో పోకుండా ఉండి ఉంటే, ఆ బిగిసిన దవడను ఏదోలా సర్ది, ఫ్రేము కట్టి ఇచ్చేసి ఉండేదాన్ని. ఆమె తీసుకునే ఉండేది.

రెండోసారి ఫొటో తీసిన ఆ రోజు స్టూడియో మెట్లు దిగుతూ ఆమె పెద్దాయనతో అన్న మాట నాకు వినపడింది.

"పెండ్లికి ఒక దినం ముందే రావల్ల బావా. అక్కను కూడా పిల్చుకొని రా. పీటల మీద కూచునేది మీరిద్దరే."

"గడ్డం అడిగేకి వచ్చి ఇదంతా అడగతాండావే" అన్నాడాయన. టికెట్లు ఈసారి ఎవరు తీశారో నేను చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మెషీన్ పూర్తిగా మూలబడింది. కొత్తది వచ్చింది, దాని తర్వాత ఇంకా కొత్తది. ఒక్కోటీ వెనకటిదానికంటే చురుకు. ఇప్పుడైతే సగం ముఖం ఇచ్చి మిగతా సగం పుట్టించమంటే పుట్టిస్తాయట. పక్కింటి అమ్మాయి చేసి చూపించింది కూడా. చక్కని గడ్డమే వచ్చింది. నేను మంచిదాన్ని మంచిదనే అంటాను. పాత రోజులే గొప్పవని మీకు చెప్పే ఉద్దేశం నాకు లేదు, ఆ నీలం తెరను మళ్ళీ చూడాలని కలలో కూడా కోరుకోను. కానీ ఆ రోజు నా దగ్గర ఈ ఫోను ఉండి ఉంటే ఆమె మొదటి ఆదివారమే ఫొటో తీసుకుని వెళ్ళిపోయేది. బేతమంగళ బస్సు ఎక్కాల్సిన పని ఎవరికీ పడేది కాదు. మీ చేతిలోని పనిముట్టు చటుక్కున పని ముగించేసినప్పుడు, ఎదురుగా కూర్చున్న మనిషిని కాసేపు కూర్చోనిచ్చి, ఆ ఫొటోలో ఉన్నది ఎవరని అడగండి. అంతే నేను చెప్పగలిగింది.

పెళ్ళికి నన్ను, ఓనరును ఇద్దర్నీ పిలిచారు. చాంపియన్ రీఫ్స్‌లో, లైన్ల పక్కన ఉన్న చిన్న హాలు. పెద్దాయన, ఆయన భార్య పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. తాళి కట్టాక కొత్త జంట వచ్చి కుర్చీ మీద పెట్టిన ఫొటో ముందు వంగి మొక్కింది. పిల్ల లేవడానికి కాస్త ఆలస్యం చేసింది. వాళ్ళమ్మ తొందరపెట్టలేదు.

జనం భోజనాలకు కదులుతుంటే ఒక ముసలాయన ఫొటో దగ్గరికి వచ్చి ఆగాడు. గనిలో ఒకే గ్యాంగులో చేసినవాడట. అటూ ఇటూ తల వంచి చూస్తుంటే అతుకు కనిపెట్టేస్తాడేమోనని నేను భోజనానికి కదలబోయి ఆగాను. పక్కన ఓనరు కూడా ఆగిపోయాడు.

"వీడు నెత్తి దువ్వుకోంగా నేను యాడా చూళ్ళా" అన్నాడు ముసలాయన. ఓనరు తన జుట్టు సవరించుకున్నాడు. "అయినా నవ్వు మాత్రం వీడిదే. ఈ నవ్వు ఇంగెవురికీ రాదప్పా."

పీటల మీంచి లేచి అటే వస్తున్న పెద్దాయన ఆ మాట విన్నాడు. భుజం మీది కొత్త తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, వంటల దగ్గర ఎవరో పిలిచినట్టు గబగబా అటువైపు నడిచాడు.